ఆ పాత మధురమా, ఆపాతమధురమా?

తెలుగు పాటకు స్వర్ణయుగం ఏదన్న చర్చపై సమీక్ష

పాత సినిమా పాటల కార్యక్రమం ఎక్కడ పెట్టినా కరపత్రం మీదో బ్యానరు మీదో "ఆ పాత మధురాలు" అన్న మాట కనిపిస్తుంది. అసలు మాట అది కాదు. సంగీతం ఆపాతమధురమనీ, సాహిత్యం ఆలోచనామృతమనీ చెప్పే ఒక సంస్కృత శ్లోకం ఉంది. చెవిన పడీ పడగానే తియ్యగా తోచేది ఆపాతమధురం. తలచుకున్నకొద్దీ ఊరేది ఆలోచనామృతం. తెలుగువాళ్ల వాడుకలో ఆ సమాసం "ఆ" దగ్గర విరిగింది, "పాత" విడిగా నిలబడింది, "పడగానే మధురం" కాస్తా "పాతది కాబట్టి మధురం" అయింది. విరుపు చిన్నదే కానీ, స్వర్ణయుగం మీద తెలుగునాట సాగే వాదన చాలా మటుకు అందులోనే దాగి ఉంది.

ఆ వాదన వినడానికి విశాఖపట్నం శివారు కూర్మన్నపాలెం అంత అనువైన చోటు మరొకటి దొరకడం కష్టం. అక్కడి విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ మధ్య కాలంలో భూములు పోయిన పల్లెల జనం చుట్టుపక్కల పునరావాస కాలనీలకు చేరారు. నలుదిక్కుల నుంచి వచ్చిన ఉద్యోగులు ఉక్కునగరం క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. పల్లెవాళ్లు తమతో నాట్ల పాటలు, కోతల పాటలు తెచ్చుకున్నారు. ఉద్యోగులు టేప్‌రికార్డర్లు తెచ్చుకున్నారు. వాళ్ల పిల్లలు, మనవలు ఫోనులో వింటున్నారు. గాజువాక వెళ్లే ఆటోలో వినిపించే పాట ఒకటి, శ్రీరామనవమి పందిట్లో మైకు పాడేది ఒకటి, కార్తీక మాసం తెల్లవారుజామున గుడి నుంచి వచ్చేది మరొకటి. ఇక్కడ "మా కాలం పాట" అన్న మాటకు ఇంటింటికీ వేరే అర్థం ఉంటుంది.

పద్యం నుంచి ప్లేబ్యాక్ దాకా

చర్చ సినిమాతోనే మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సినిమా రాకముందు తెలుగువారి జనరంజక సంగీతం రంగస్థల పద్యం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడి పద్యాలకు పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు రాగం తీస్తుంటే, "వన్స్ మోర్" అని మళ్లీ మళ్లీ పాడించుకుంటూ ఉత్తరాంధ్ర పల్లెలు తెల్లవార్లూ కూర్చునేవి. ఆ తరానికి స్వర్ణయుగం అంటే హార్మోనియం పెట్టె, పెట్రోమాక్స్ దీపం.

1932లో భక్త ప్రహ్లాద విడుదలైనప్పుడు ఆ గానమే తెర మీదికి నడిచివచ్చింది. తొలినాళ్లలో నటులే పాడేవారు. నాగయ్య, భానుమతి ఆ కోవకు చెందిన గొప్పవారు. తెర వెనుక నుంచి పాడేవారు వేరే ఉండటం స్థిరపడ్డాక పాట నటుడి గొంతు నుంచి విడుదలై, గాయకుడి విద్య మీద నిలబడింది. దాని ఆకారాన్ని మాత్రం యంత్రం నిర్ణయించింది. 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు మించి పట్టదు. పల్లవి, రెండు మూడు చరణాలు, నడుమ చిన్న వాద్య ఖండికలు అన్న కొలత చాలా మేరకు ఆ లక్క పళ్లెం ఇచ్చిందే.

ఈ చరిత్రలో ఉత్తరాంధ్ర వాటా పెద్దది. 1919లో ఏర్పడ్డ విజయనగరం సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత మోశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఆ ఊళ్లోనే, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర. పి. సుశీల పుట్టింది, సంగీతం చదివింది విజయనగరంలో. సాలూరి రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం. శ్రీశ్రీ, ఆరుద్ర విశాఖపట్నంలో పుట్టినవారు. పాటలు మద్రాసు స్టూడియోల్లో రికార్డయి ఉండవచ్చు. శ్రుతి చాలావరకు ఇక్కడ కలిసింది.

ఇంటింటికీ చేర్చింది రేడియో. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షీ పొన్నుదురై గొంతు, వివిధ భారతిలో జనరంజని, 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి కలిసి శ్రోతలకు ఏది మంచి పాటో నేర్పాయి. కోరిన పాటలకు ఉత్తరాలు రాసి తమ ఊరి పేరు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గిన వాళ్లే తర్వాత "పాత బంగారం" అన్న మాటను స్థిరపరిచారు.

మొదటి పక్షం: ఘంటసాల కాలం

అన్నిటికన్నా బలమైన, పెద్ద సంఖ్యలో మద్దతుదారులున్న పక్షం ఇది. 1950ల ఆరంభం నుంచి 1960ల చివరి దాకా అని దీని హద్దులు. సాక్ష్యాలకు కొదవ లేదు. మల్లీశ్వరి, పాతాళభైరవి (1951), దేవదాసు (1953), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), జయభేరి (1959), జగదేకవీరుని కథ (1961), లవకుశ (1963). సాలూరి, పెండ్యాల, సుబ్బురామన్, ఆదినారాయణరావు, మాస్టర్ వేణు, స్వయంగా ఘంటసాల ఒకే కాలంలో పనిచేశారు. ఘంటసాల, సుశీల, లీల, జిక్కి, ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్, మాధవపెద్ది సత్యం, పిఠాపురం ఒకే కాలంలో పాడారు.

ఈ పక్షం అసలు బలం మాటల దగ్గర ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, మల్లాది రామకృష్ణశాస్త్రి, సముద్రాల, పింగళి, కొసరాజు, శ్రీశ్రీ, ఆరుద్ర, ఆత్రేయ, దాశరథి, సి. నారాయణరెడ్డి. వీరిలో చాలామంది సినిమాకు రాకపోయినా తెలుగు సాహిత్యంలో నిలిచి ఉండేవారే. పుస్తకంలో అచ్చయ్యే కవి, తెరకు రాసే కవి ఒకడే కావడం అంత విస్తృతంగా మళ్లీ జరగలేదు. పాట కథలో ఒక మలుపుగా ఉండేది. తీసేస్తే కథ కుంటుపడేది.

అయితే ఈ పక్షం చెప్పుకోని సంగతి ఒకటుంది. ఇవాళ్టి సంగీత దర్శకుల మీద వేసే "బాణీలు కాపీ" అన్న నింద ఆ కాలానికీ వర్తిస్తుంది. 1953 నాటి హిందీ అనార్కలిలో లతా మంగేష్కర్ పాడిన ఒక ప్రసిద్ధ బాణీ, 1955 తెలుగు అనార్కలిలో జిక్కి గొంతులో వినిపిస్తుంది. సంగీతం ఆదినారాయణరావు. రెండేళ్లకు ఆయనే సువర్ణసుందరికి ఒక రాగమాలిక కట్టారు. సోహినిలో ఎత్తుకుని బహార్, జౌన్‌పురి, యమన్‌ల మీదుగా నడిచే పాట అది. చరణం మారితే రాగం మారుతుంది, అతుకు మాత్రం వినిపించదు. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడిన ఆ బాణీని హిందీ సువర్ణసుందరిలో లత, రఫీ పాడారు. అరువు తెచ్చుకున్న చేతే అరువిచ్చింది. అందుకని స్వర్ణయుగం అంటే అరువు లేని కాలం అన్న వాదన నిలవదు. అరువు తెచ్చుకున్నా, తిరిగి ఇవ్వగల సత్తా ఉన్న కాలం అంటే నిలుస్తుంది.

రెండో పక్షం: శంకరాభరణం నుంచి గీతాంజలి దాకా

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం (బాలు) అప్పటికే ఏడెనిమిదేళ్లుగా పాడుతున్నారు. పాట తగ్గిపోయిందని పెద్దలు బెంగపడిన కాలం అది. అప్పుడు కూడా హిందీ బాణీలు యథాతథంగా వచ్చాయి. జంజీర్‌కు తెలుగు రూపమైన నిప్పులాంటి మనిషి (1974)లో స్నేహం మీది పాట అందరికీ తెలిసినదే. అక్కడి నుంచి పాట ఎలా లేచిందో చెప్పడమే రెండో పక్షం ప్రధాన వాదన.

వీళ్ల దగ్గర లెక్కకు వచ్చే సాక్ష్యం ఉంది. శంకరాభరణం కె.వి. మహదేవన్‌కు, బాలుకు, వాణీ జయరాంకు జాతీయ పురస్కారాలు తెచ్చింది. మేఘసందేశం (1982) రమేశ్ నాయుడికి, ఏసుదాసుకు, సుశీలకు తెచ్చింది. సాగర సంగమం (1983) ఇళయరాజాకు, బాలుకు. సితార (1984) ఎస్. జానకికి. రుద్రవీణ (1988) మళ్లీ ఇళయరాజాకు, బాలుకు. పదేళ్లలో తెలుగు పాట ఇన్నిసార్లు దేశం ముందు నిలబడటం అంతకుముందు లేదు. శంకరాభరణం తమిళ, కేరళ ప్రాంతాల్లోనూ జనాన్ని రప్పించింది. ఆ త్యాగరాజ గంధపు పాటలు పాడిన బాలు శాస్త్రీయంగా శిక్షణ పొందినవారు కాకపోవడం ఈనాటికీ విద్వాంసుల్ని ఆశ్చర్యపరిచే విషయం.

ఈ కాలంలోనే పాట తయారయ్యే పద్ధతి తిరగబడింది. సాహిత్యం రాసి ఇస్తే దానికి బాణీ కట్టడం మహదేవన్ పద్ధతి. నాగర్‌కోయిల్ ప్రాంతం నుంచి వచ్చిన ఆ తమిళుడికి తెలుగు మాటలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుసు. అందుకే ఆయన పాటల్లో మాట ఎక్కడా నలగదు. ఇళయరాజా తరంలో బాణీ ముందు, మాట తర్వాత అన్నది మామూలైంది. వేటూరి సుందరరామమూర్తి రెండు పద్ధతుల్లోనూ ఆరితేరిన కవి. ఆ ఇరుకు కొలతల్లోనే సంస్కృత సమాసాన్ని, వీధి మాటను పక్కపక్కన కూర్చోబెట్టారు.

ఈ పక్షానికి ఒక చిక్కు ఉంది, దాన్ని దాచలేరు. శంకరాభరణం చేసిన మహదేవన్, వేటూరి జంటే అంతకు కొంచెం ముందు అడవి రాముడు (1977) చేసింది. మాస్ పాటను, ద్వంద్వార్థాలను తిట్టి, శాస్త్రీయ ఛాయలున్న పాటను మెచ్చుకునేవారు రెండూ ఒకే చేతి పని అన్నది మరచిపోతారు. చక్రవర్తి, సత్యం స్వరపరిచిన వందల పాటలకు థియేటర్లు ఊగిపోయాయి. పురస్కారాల జాబితాలో అవి లేవు. మరి జనరంజక సంగీతం గురించి మాట్లాడేటప్పుడు జనం ఊగిన పాటను లెక్కలోంచి తీసేయడం ఏ న్యాయం?

విశాఖకు ఈ దశాబ్దం మీద ప్రత్యేక మమకారం. బాలచందర్ మరో చరిత్ర (1978) ఇక్కడి సముద్రతీరంలోనే తీశారు. అందులో ఆత్రేయ, విశ్వనాథన్ కలిసి సినిమా పేర్లనే ఏరి పేర్చిన పాట ఒకటి ఉంది. ఉక్కునగరానికి ఉద్యోగులు వస్తున్న రోజుల్లోనే క్యాసెట్టు చవకైంది. రికార్డింగ్ షాపుకు ఖాళీ క్యాసెట్టు, తెల్లకాగితం మీద రాసిన జాబితా ఇస్తే ఎ వైపు ఏడు, బి వైపు ఏడు పాటలు ఎక్కించి పెట్టేవారు. టేపు బయటికొస్తే రంధ్రంలో పెన్సిలు దూర్చి తిప్పుకోవడం ప్రతి ఇంట్లో పిల్లల పని. ఏ పాట వెంట ఏ పాట రావాలో శ్రోత తానే నిర్ణయించడం అప్పుడే మొదలైంది. రేడియో నేర్పిన రుచి ఇంటి రుచి అయింది.

తొంభైల వాళ్ల మాట

1992లో రోజా పాటలు తెలుగులోకీ వచ్చాక చెవుల అలవాటే మారింది. తక్కువ వాద్యాలు, ఎక్కువ ఖాళీ, కొత్త శబ్దం. 1990లో మనసు మమతతో మొదలైన కీరవాణి మరుసటి ఏడు క్షణక్షణం చేశారు. 1997 నాటి అన్నమయ్యకు జాతీయ పురస్కారం అందుకున్నారు. రాజ్-కోటి, మణిశర్మ, ఆర్.పి. పట్నాయక్ వరుసగా వచ్చారు. అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి ఈ కాలానికి వెన్నెముక. 1986 నుంచి 2021లో మరణించేదాకా ఆయన సినిమా పాటలో ప్రశ్న అడగడం మానలేదు.

ఈ పక్షానికి గొంతు తక్కువ, ఎందుకంటే తమ కాలపు పాటల కన్నా ముందటి కాలపు పాటలు గొప్పవని వాళ్లకు చిన్ననాటి నుంచే నేర్పారు. నేర్పినది ఎవరో కాదు, 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా. పోటీకి వచ్చిన పిల్లలు ఘంటసాల పాటలు, సుశీల పాటలు పాడితే బాలు రాగం, రచయిత పేరు, రికార్డింగు నాటి కబుర్లు చెప్పేవారు. స్వర్ణయుగానికి ఒక పాఠ్యప్రణాళిక తయారైంది ఆ వేదిక మీదే.

నేటి పాట మీద కేసు

ఆరోపణలు తెలిసినవే. మాట వినపడదు, ఉచ్చారణ పలుచన, పాట మొత్తం కాక, పదిహేను సెకన్ల రీలుకు సరిపడే తునక కోసమే బాణీ కడుతున్నారు. మూడోది కొంతవరకు నిజం. రెండోదాన్ని జాగ్రత్తగా చూడాలి. లీల, చిత్ర కేరళ నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని పాడినవారే. పాడేవారు ఎక్కడివారన్నది ఎప్పుడూ అడ్డు కాలేదు. ఒక్కో మాటకు వందసార్లు పలికించే గురువు పక్కన నిలబడ్డాడా లేదా అన్నదే తేడా. గాయకుడు ఒక ఊళ్లో, సంగీత దర్శకుడు ఇంకో ఊళ్లో ఉండి ట్రాకులు పంపుకునే కాలంలో ఆ గురువు స్థానం ఖాళీగా ఉంది.

అటువైపు జవాబు కూడా గట్టిదే. అల వైకుంఠపురములో పాటలకు తమన్, పుష్ప పాటలకు దేవిశ్రీ ప్రసాద్ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ గెలిచిన నాటు నాటు తెలుగు పాటే. కీరవాణి కట్టిన దాని నడక పల్లె చిందులది. చంద్రబోస్ పోలికలన్నీ ఊరి వస్తువులే. ప్రపంచం మెచ్చుకున్నది తెలుగు పాట తన ఊరి గుణం వదులుకోనందుకే కావడం గమనించాలి. కాకపోతే ఒక్క శిఖరం చూపించి పర్వతశ్రేణి అనలేం. 1957 నాటి మరచిపోదగ్గ పాటలన్నీ ఇప్పటికే మరుగునపడ్డాయి. ఈ ఏడు వచ్చిన పాటల్లో తాలూ గింజా ఇంకా కలిసే ఉన్నాయి. చెరగని కుప్పను చెరిగిన గింజలతో పోల్చడం అన్యాయం.

సినిమా బయట మోగినది

ఈ నాలుగు పక్షాలూ సినిమా పాటనే తెలుగు పాట అనుకుని మాట్లాడతాయి. అయిదో పక్షం చిన్నది, కానీ దాని ప్రశ్న పెద్దది. విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తీర్చిదిద్దిన లలిత సంగీతం, భక్తిరంజని ఏ లెక్కలోకి వస్తాయి? 1943 నాటి ప్రజానాట్యమండలి, 1972లో పుట్టిన జననాట్యమండలి పాటలు ఏ యుగానివి? పార్వతీపురం దగ్గరి పల్లెలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు కట్టిన పాటలు రేడియో, రికార్డు కంపెనీల దయ లేకుండానే ఊరూరా తిరిగాయి. సినిమా వాటిని తర్వాత ఎత్తుకుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఉక్కు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో సాగిన దీక్షల వంటి చోట్ల జనాన్ని కూర్చోబెట్టేది ఆ డప్పు, గజ్జెల సంప్రదాయమే. ఘంటసాల భగవద్గీత సైతం సినిమా పాట కాదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే మైకులో మొదట వినిపించే గొంతు అదే.

త్రాసులు వేరైతే తూకం వేరు

ఈ పక్షాలను ఎదురెదురుగా నిలబెడితే ఒకరితో ఒకరు తగవులాడుతున్నట్టు కనిపిస్తారు కానీ, కొలిచే వస్తువులు వేరు. మాట, బాణీ, సందర్భం ఒకటిగా అతకడం కొలత అయితే ఘంటసాల కాలాన్ని మించింది లేదు. ఆలోచనామృతం అక్కడే ఎక్కువ ఊరింది. గానం, వాద్య సమ్మేళనం, దేశమంతటి గుర్తింపు కొలత అయితే శంకరాభరణం తర్వాతి పదేళ్లు ముందుంటాయి. శబ్దంలో కొత్తదనానికి తొంభైలు, చేరిన దూరానికి ఈనాటి పాట. జనం తమ నోటితో తాము పాడుకోవడమే కొలత అయితే సినిమా మొత్తం పక్కకు జరగాల్సి వస్తుంది.

వయసు పాత్రా తక్కువది కాదు. మనిషికి జీవితాంతం గట్టిగా గుర్తుండేవి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు నాటి సంగతులని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. 1960లో పుట్టి, ఎనభైల్లో ఉక్కులో చేరి, ఇప్పుడు పింఛను తీసుకుంటున్న ఉద్యోగికి శంకరాభరణం ఇరవయ్యో ఏట వచ్చిన సినిమా. ఆయన తీర్పులో ఆ ఇరవై ఏళ్ల గుండె చప్పుడు కలిసే ఉంటుంది.

అయినా వయసుతో అంతా తేలిపోదు. ఇరవై ఏళ్ల పిల్ల వేదికెక్కి జగదేకవీరుని కథలోని పాట ఎంచుకుంటే, అందులో ఆమె సొంత జ్ఞాపకం ఏదీ లేదు. ఆ పాట చెవిన పడగానే పట్టుకుంది, అంతే. విరగని అర్థంలో ఆపాతమధురం అంటే అదే. ఒక తరం జ్ఞాపకాలతో పని లేకుండా తర్వాతి తరాలను పట్టుకున్న పాటలు ఏ కాలంలో ఎక్కువ అని అడిగితే, ఇప్పటికున్న సాక్ష్యం 1951 నుంచి 1964 దాకా వచ్చిన పాటల వైపే మొగ్గుతుంది. ఎనభైల పాటలు అదే పరీక్షకు ఇప్పుడే కూర్చుంటున్నాయి. తొలి ఫలితాలు బాగున్నాయి.

ఇంకా తేలనివి

ఎవరి పాట అన్నదే కొన్నిచోట్ల తేలలేదు. మాయాబజార్ సంగీతం ఘంటసాల పేర ఉన్నా, కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి మధ్యలో తప్పుకున్నవే. అందులో ఎవరి వాటా ఎంతని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. సితార్, వేణువు, క్లారినెట్ వాయించిన కళాకారుల్లో చాలామంది పేర్లు రికార్డు మీద లేవు. వాళ్లు లేకుండా ఆ పల్లవులు మనకు గుర్తుకే రావు.

జానపదం సంగతి మరీ చిక్కు. పలాస 1978 (2020) కోసం రఘు కుంచె స్వరపరిచిన ఉత్తరాంధ్ర జానపదం పెళ్లి ఊరేగింపుల దాకా పాకింది. మరుసటి ఏడు లవ్‌స్టోరీలో వచ్చిన తెలంగాణ జానపదం మీద, దాన్ని ముందు వెలుగులోకి తెచ్చింది ఎవరన్న వివాదం నడిచింది. ఊరి పాటకు హక్కుదారు ఎవరో చెప్పే పద్ధతి ఇంకా ఏర్పడలేదు.

ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన పల్లెల్లో నాట్ల వేళ ఒకరు అందిస్తే పదిమంది అందుకున్న పాటలు ఏ యుగం జాబితాలోనూ లేవు. నాటే మడులు పోయాక వాటిని పాడే సందర్భమూ పోయింది. ఆ పాటలు వచ్చిన అమ్మమ్మలు కొందరైనా పునరావాస కాలనీల్లో ఇంకా ఉండి ఉంటారు. వాళ్ల ఎదుట కూర్చుని, ఏ పని చేసేటప్పుడు ఏ పాట ఎత్తుకునేవారో అడిగి, పాడించి దాచడానికి ఇవాళ స్టూడియో అక్కర్లేదు. మనవరాలి చేతిలో ఉన్న ఫోను సరిపోతుంది.